తేలికైన ట్రైపాడ్, బరువైన సంచి

అనకాపల్లిలో మార్కండేయులు అనే ఇన్సూరెన్స్ ఉద్యోగి ఉండేవాడు. అతనికి ఫొటోలంటే ప్రాణం, భుజం మీద బరువంటే మాత్రం అసలు గిట్టేది కాదు.

కూరలకు వెళితే సంచి భార్య చేతిలో ఉండేది. ఊరికి వెళితే పెట్టె భార్య చేతిలో ఉండేది. "ఫొటోలు తీసేవాడికి చేతులు ఖాళీగా ఉండాలి సువర్చలా. ఏ క్షణాన ఏ దృశ్యం ఎదురవుతుందో ఎవరికి తెలుసు?" అనేవాడు. వంకాయల కొట్టు దగ్గర ఏం దృశ్యం ఎదురవుతుందని ఆమె ఒకసారి అడిగింది. "వెలుగు ఎక్కడైనా వెలుగే," అన్నాడు మార్కండేయులు. సువర్చల బడిలో లెక్కల టీచరు. పొద్దంతా పిల్లలకు చెప్పిందే చెప్పి గొంతు ఎండిపోయేది. ఇంటికొచ్చాక మళ్ళీ వాదించే ఓపిక ఉండేది కాదు. మారు మాట్లాడకుండా సంచి అందుకునేది.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక, మార్కండేయులు స్నేహితులు పాడేరు వైపు కొండల్లో ఉన్న ఒక జలపాతానికి వెళ్దామనుకున్నారు. అందరూ ఫొటోల పిచ్చివాళ్ళే. అక్కడ తీసిన వాటిలో మంచివి ఏరి, ఊళ్ళో ఒక ప్రదర్శన పెట్టాలని కూడా నిర్ణయించారు. మార్కండేయులు తీసిన ఫొటో అంతవరకు ఏ ప్రదర్శనలోనూ గోడెక్కలేదు. ఈసారి ఎలాగైనా ఎక్కించాలని అతను పంతం పట్టాడు. సువర్చల కూడా వస్తానంది. "నాకు ఫొటోలూ వద్దు, గీటోలూ వద్దు. ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటాను," అంది.

జలపాతం ఫొటోలో నీళ్ళు పాలనురుగులా పరుచుకుని కనబడాలంటే, కెమెరా కన్ను కాసేపు తెరిచే ఉంచాలి. అంతసేపూ కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు. చేత్తో పట్టుకుంటే అది కుదిరే పని కాదు. మూడు కాళ్ళ స్టాండు, అంటే ట్రైపాడ్, కావలసిందే. మార్కండేయులు దగ్గర ఒక పాత ట్రైపాడ్ ఉంది. నేలలో పాతినట్టు గట్టిగా నిలబడేది. అంత బరువూ ఉండేది.

"దీన్ని మోసుకుంటూ కొండెక్కితే నేను ఫొటో తీయడం కాదు, మీరే నా ఫొటోకి దండ వెయ్యాల్సి వస్తుంది," అన్నాడు స్నేహితులతో.

అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో వేరే మాట లేదు. అన్నం తింటూ ఫోనులో ట్రైపాడ్‌ల వీడియోలు చూసేవాడు. సువర్చల పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే మధ్యలో వచ్చి కూర్చునేవాడు. "అల్యూమినియం అయితే చవక, కానీ బరువు. కార్బన్ ఫైబర్ అయితే తేలిక. ఇందులో కాళ్ళు నాలుగు మడతలు, అందులో అయిదు. మడతలు ఎక్కువైతే సంచిలో పడుతుంది, కానీ కాళ్ళు సన్నబడతాయి. ఏమంటావు?" అని అడిగేవాడు. ఆమె ఒకటి బాగుందంటే, దానికన్నా ఇంకోటి గుప్పెడు బరువు తక్కువని తెల్లారి చెప్పేవాడు. ఆ ఇంకోటే కొనుక్కోమంటే, దానికన్నా తేలికైనది రాబోతోందట అనేవాడు.

"కొంటారా, కొనరా?" అని ఒకరోజు సువర్చల ఎర్రసిరా కలం బల్లమీద పడేసి అడిగింది.

"కొనకుండా ఎలా? కానీ ఆ బరువు మోసేవాడికి తెలుస్తుంది సువర్చలా, ఒక్కో గ్రామూ ఎంతో!"

ఆమె మళ్ళీ కలం తీసుకుంది.

చివరికి ఒక ఆదివారం ఇద్దరూ విశాఖపట్నం వెళ్ళారు. నూకరాజు అనే ఆయన అక్కడ కెమెరాల దుకాణం నడిపేవాడు. మార్కండేయులు దుకాణంలోకి అడుగుపెడుతూనే సువర్చల చేతిలోని సంచి తెరిచి, ఇంట్లో పిండి తూచుకునే కాటా తీసి బల్లమీద పెట్టాడు. నూకరాజు నోరు తెరుచుకుని చూశాడు.

"డబ్బాల మీద రాసేవి నమ్మలేం. ఒక్కోటీ తూచి చూద్దాం," అన్నాడు మార్కండేయులు.

ఒక్కో ట్రైపాడ్‌నూ విప్పించాడు, తూచాడు, మడిపించాడు. మొదటిది మళ్ళీ తూచాడు. దాని పైన ఉండే తల ఊడదీసి తూచాడు. కాళ్ళ కింద రబ్బరు తొడుగులు తీసేస్తే ఎంత తగ్గుతుందని అడిగాడు. దుకాణంలోకి వచ్చినవాళ్ళు కావలసినవి కొనుక్కుని వెళ్ళిపోతున్నారు. నూకరాజు మొహం మీది నవ్వు మెల్లగా వాడిపోయింది.

"సార్, బరువు ఒక్కటే చూసుకుంటే ఎలాగండి? మీ ఎత్తుకు సరిపోతుందా, మీ కెమెరాని ఆపుతుందా, గాలికి ఊగుతుందా, అవి చూసుకోవాలి. ఇది చూడండి, మధ్యరకం. గట్టిగా ఉంటుంది, మోయలేనంత బరువూ కాదు."

"దానికన్నా తేలికైనది అదిగో, ఆ మూల ఉందే!"

నూకరాజు నిట్టూర్చి ఆ మూలనున్నది తీశాడు. అది వేణువంత సన్నగా ఉంది. మార్కండేయులు దాన్ని చిటికెనవేలికి తగిలించుకుని ఊపి చూసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఇది మరీ తేలిక సార్. పూర్తిగా ఎత్తినా మీ ఛాతీ దాకా రాదు. గాలి ఉన్నచోట ఊగుతుంది. అందుకే మధ్య గొట్టం కింద ఈ కొక్కెం ఇచ్చారు. దీనికి ఏదైనా బరువు వేలాడదీస్తేనే నిలకడగా నిలుస్తుంది."

"అంటే నిలబడడానికి మళ్ళీ బరువు కావాలన్నమాట," అంది సువర్చల.

"అవునమ్మా."

"ఆ బరువు ఎవరు తెస్తారు?"

నూకరాజు ఇంకెవరో పిలిచినట్టు అటు తిరిగాడు. "సంచి ఎలాగూ ఉంటుందిగా," అన్నాడు మార్కండేయులు తేలిగ్గా. అదే కొన్నాడు.

ప్రయాణం ముందురోజు సాయంత్రం అతను సామాను సర్దాడు. ట్రైపాడ్‌ను దాని గొట్టంలాంటి సంచిలో పెట్టి గోడకు ఆనించాడు. అది తను మోసేది. తక్కినవన్నీ సువర్చల వీపు సంచిలోకి వెళ్ళాయి. స్టాండు పొట్టిది కాబట్టి కూర్చుని తియ్యాలి, అందుకని మడత స్టూలు పెట్టాడు. స్టాండు ఊగుతుంది కాబట్టి కొక్కేనికి బరువు కావాలి, అందుకని పెద్ద సీసాల నిండా నీళ్ళు నింపి పెట్టాడు. రెండో లెన్సు, మూడో లెన్సు, వాన వస్తే కప్పడానికి గుడ్డ, గొడుగు, రాళ్ళమీద జారితే మార్చుకోవడానికి తన బట్టలు, జోళ్ళు, అందరికీ చాలేటంత పులిహోర, పెరుగన్నం పెట్టిన గిన్నెలు, అన్నీ అందులోకే చేరాయి. చివరికి జిప్పు పట్టక మోకాలితో అదిమి మూశాడు.

సువర్చల దాన్ని ఎత్తి చూసింది. "స్టాండు బరువు తగ్గిందన్నారు?"

"తగ్గిందిగా! కావాలంటే నువ్వే ఎత్తి చూడు," అని అతను ట్రైపాడ్ అందించాడు. ఆమె తీసుకోలేదు.

మర్నాడు జీపులు కొండ మొదట్లో ఆగిపోయాయి. అక్కణ్ణుంచి నడకే. దారి నిండా బురద, పైకి తేలిన వేళ్ళు, నాచు పట్టిన రాళ్ళు. మార్కండేయులు మెడలో కెమెరా, భుజాన ట్రైపాడ్‌తో ముందు నడిచాడు. దారిలో కనబడినవాళ్ళందరికీ ట్రైపాడ్ చూపించాడు. "అసలు మోస్తున్నట్టే లేదు! మీరంతా ఆ ఇనప గుంజలు ఎందుకు మోస్తారో!" అన్నాడు. మలుపు తిరిగినప్పుడల్లా ఆగి, కిందికి చూసి, "త్వరగా రా సువర్చలా! వెలుగు పోతుంది!" అని కేక వేశాడు. సువర్చల వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ ఎక్కింది. సంచి పట్టీలు భుజాల్లోకి దిగబడ్డాయి. ఒకచోట కాలు జారి మోచెయ్యి గీరుకుపోయింది. అతను అప్పటికి పై మలుపు దాటేశాడు.

ఆ బృందానికి పెద్ద ఆదిశేషు. అతను వెనకబడ్డవాళ్ళను చూసుకుంటూ వస్తున్నాడు. సువర్చల అవస్థ చూసి దగ్గరకు వచ్చాడు. "అమ్మా, ఆ సంచి ఇలా ఇవ్వండి, కాసేపు నేను పట్టుకుంటాను."

ఆమె సమాధానం చెప్పేలోపే పైనుంచి మార్కండేయులు నవ్వుతూ అరిచాడు. "అక్కర్లేదులే ఆదిశేషూ! తనకి అలవాటే!"

సువర్చల ఆగిపోయింది. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. ఎండ కాస్తోంది అన్నట్టు మామూలుగా అన్నాడు. అందుకే అది ఆమెకు ఎక్కడో లోపల తగిలింది. పెళ్ళయిన నాటి నుంచి మోసిన సంచులన్నీ ఆ ఒక్క మాటలో ఊరూ పేరూ లేకుండా పోయాయి. ఆమె పట్టీల్లోంచి చేతులు తీసేసి, సంచిని దారి పక్కన ఒక బండరాయి మీద దించింది. భుజాలు తడుముకుంది.

"ఏమిటి ఆగిపోయావ్? అలిసిపోయావా?" అని అడిగాడు మార్కండేయులు.

"అలిసిపోలేదు. సంచి దించాను."

"దించితే ఎలా? పైన అది కావాలి."

"కావాలంటే మీరు తెచ్చుకోండి. అవి మీ వస్తువులు, మీ బరువు."

"సువర్చలా, ఇది వాదించే సమయమా? వెలుగు పోతుంది!"

"వెలుగు ఎక్కడైనా వెలుగేనండీ," అని ఆమె అతని పక్కనుంచే పైకి నడిచింది. చేతులు ఊపుకుంటూ నడిచింది. చూస్తుండగానే అందరికన్నా ముందుకు వెళ్ళిపోయింది. ఆదిశేషు ఒక్క క్షణం నిలబడి, ఇది తను కలగజేసుకునే విషయం కాదనుకుని ఆమె వెనకే వెళ్ళాడు.

మార్కండేయులు కిందికి దిగి సంచి ఎత్తబోయాడు. అది లేవలేదు. రెండో చెయ్యి కూడా వేసి భుజానికెత్తుకుని కొంతదూరం ఎక్కాడు. వీపు వంగిపోయింది, ఊపిరి అందలేదు. పైనుంచి నీళ్ళ హోరు వినబడుతోంది. మబ్బులు కొండ చివరకు చేరుతున్నాయి. అతను సంచిని ఒక పొద చాటున పడేసి, ట్రైపాడ్ ఒక్కటే పట్టుకుని పరిగెత్తాడు.

జలపాతం ఎదుట నిలబడగానే అతను కోపం కూడా మరిచిపోయాడు. ఏటవాలు ఎండ నీళ్ళ మీద పడి ధార మొత్తం వెలిగిపోతోంది. స్నేహితులు అప్పటికే తమ స్టాండ్లు నిలబెట్టుకుని పనిలో ఉన్నారు. సువర్చల ఒక పక్కన రాతి మీద కూర్చుని, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి లాక్కుని నీళ్ళలో కాళ్ళు ఆడిస్తోంది. మార్కండేయులు గబగబా ట్రైపాడ్ కాళ్ళు సాగదీసి తడి రాతి మీద నిలబెట్టాడు. అది పొట్టిగా ఉంది. స్టూలు సంచిలో ఉంది. మోకాళ్ళు బురదలో పెట్టి కూర్చున్నాడు. ధార విసిరే గాలికి ట్రైపాడ్ సన్నగా వణికింది. మొదటి ఫొటో అలుక్కుపోయింది. రెండోదీ అంతే. కొక్కేనికి తగిలించే సంచి లేదు.

"సువర్చలా! ఒక్కసారి వచ్చి దీన్ని పట్టుకో!" అని అరిచాడు. ఆ హోరులో ఆమెకు వినబడిందో లేదో తెలియదు. ఆమె తిరగలేదు.

అతను జేబురుమాలులో రాళ్ళు మూటకట్టి తగిలిద్దామనుకున్నాడు. రాయి ఏరడానికి పక్కకు వంగాడు. సరిగ్గా అప్పుడే ధార వైపు నుంచి గాలి ఒక్క విసురు విసిరింది. వేణువంత ట్రైపాడ్ ఒక కాలు ఎత్తి, కెమెరాతో సహా రాతి మీద పడింది. లెన్సు అద్దం పగిలిన చప్పుడు అంత హోరులోనూ అందరికీ వినబడింది.

కెమెరాను రెండు చేతుల్లోకి తీసుకుని మార్కండేయులు సువర్చల దగ్గరకు వెళ్ళాడు. మొహం ఎర్రబడింది. "నువ్వొచ్చి పట్టుకుని ఉంటే ఇది పడేదా?" అని అందరి ముందూ అరిచాడు.

సువర్చల నీళ్ళలోంచి కాళ్ళు తీసి లేచి నిలబడింది. ఆమె మోచేతి మీద గీరుకుపోయిన చోట రక్తం ఎండిపోయి ఉంది. "ఇన్నాళ్ళూ అన్నీ పట్టుకునే ఉన్నానండీ. ఏ రోజైనా ఒక్కసారి చూశారా?" అంది. గొంతు పెంచలేదు. స్నేహితులు తమ కెమెరాల్లోకి తలలు దూర్చారు.

మధ్యాహ్నం దాటింది. అందరికీ ఆకలి వేసింది. తిండి సంచిలో ఉంది. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు గాని, మార్కండేయులే లేచి కిందికి దిగాడు. దిగుతూ దారంతా సువర్చల మీద విసుక్కున్నాడు. సంచి ఇంత బరువుందంటే ఆమె ఏవేవో కుక్కి ఉంటుందనుకున్నాడు. ఆమె వస్తువులు తీసి పొద దగ్గరే పెట్టేద్దాం, తిరుగుదారిలో ఆమే తెచ్చుకుంటుంది అనుకున్నాడు. తను సర్దిన సంచి అని అతనికి గుర్తే లేదు.

సంచి తెరిచి ఒక్కోటీ రాతి మీద పెట్టాడు. స్టూలు తనది. నీళ్ళ సీసాలు తన స్టాండు కోసం. లెన్సులు తనవి. బట్టలు తనవి, జోళ్ళు తనవి, గొడుగు తనదే. తలనొప్పి మాత్రలు కనబడ్డాయి. ఆ తలనొప్పి వచ్చేది తనకే. గిన్నెలు అందరివీ. ఇంక సంచి అడుగున చెయ్యి పెట్టి వెతికాడు. కాళ్ళు తుడుచుకోవడానికి సువర్చల పెట్టుకున్న చిన్న తువ్వాలు ఒకటి చేతికి తగిలింది. అంతకుమించి ఆమెది ఏమీ లేదు.

అతను ఆ తువ్వాలును మడిచి పక్కన పెట్టాడు. ఆమె మోచేతి మీది రక్తం అప్పుడు అతనికి గుర్తొచ్చింది. ఆమె ఎక్కడ పడిందో, ఎప్పుడు పడిందో తనకు తెలియదు. అడగనైనా అడగలేదు. తన చెయ్యి ఖాళీ అయినప్పుడల్లా ఆ బరువు గాలిలో కలిసిపోయిందనుకున్నాడే గాని, ఒక మనిషి భుజం మీదికి వెళుతోందని ఎన్నడూ అనుకోలేదు.

సీసాల్లో నీళ్ళు పారబోయడం ఒక్కటే అతనికి తోచిన తెలివైన పని. తక్కినవన్నీ మళ్ళీ సర్ది, సంచి వీపుకెత్తుకుని బయలుదేరాడు. పట్టీలు భుజాలు కోశాయి. ప్రతి మలుపులోనూ ఆగాల్సి వచ్చింది. ఆగినప్పుడల్లా పైకి చూశాడు. పొద్దున అక్కడే నిలబడి, త్వరగా రమ్మని కేకలు వేసింది తనే.

పైకి చేరేసరికి అతని చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. సంచి దించి, ముందుగా ఆ తువ్వాలు తీసి సువర్చలకు ఇచ్చాడు. "దీన్ని అంతదూరం ఎలా మోశావు?" అని అడిగాడు.

"మిమ్మల్ని తిట్టుకుంటూ మోశాను," అంది సువర్చల.

ఆదిశేషు ఆపుకోలేక నవ్వేశాడు. మార్కండేయులు నవ్వలేదు. "తిట్టుకోవడం కాదు, పైకే తిట్టాల్సింది. అలవాటే అన్నాను చూడు, అది చాలా తప్పు మాట సువర్చలా. క్షమించు. చెయ్యి ఇలా చూపించు," అన్నాడు. ఆమె వెంటనే కరిగిపోలేదు. అయినా చెయ్యి చాపింది. అతను నీళ్ళతో ఆ గాయం కడిగాడు. తర్వాత గిన్నెలు విప్పి అందరికీ తనే వడ్డించాడు. దిగేటప్పుడు సంచి అతని వీపు మీదే ఉంది. ఆదిశేషు సాయం పడతానన్నాడు. వద్దన్నాడు.

ఆ ఏడూ అతని ఫొటో ఏదీ గోడెక్కలేదు. పగిలిన లెన్సు బాగవడానికి చాలా రోజులు పట్టింది. పంతులమ్మ కోపం చల్లారడానికి అంతకన్నా ఎక్కువ రోజులు పట్టింది. ఒక్క తువ్వాలు అందించినంత మాత్రాన అన్నేళ్ళ విసుగు పోదు కదా! కూరల బజారులో అతను సంచి అందుకోబోతే, "ఎన్నాళ్ళుంటుందో ఈ ముచ్చట!" అనేది. అయినా అతను సంచి పట్టుకునేవాడు. వంకాయలు, సొరకాయ, పెరుగు డబ్బా అన్నీ మోసుకుని ఇంటికొచ్చేవాడు. మొదట్లో రెండుసార్లు సంచి మరిచిపోయి కొట్లోనే వదిలేసి వచ్చాడు. మళ్ళీ వెళ్ళి తెచ్చాడు.

చలికాలంలో ఇద్దరూ భీమిలి సముద్రం ఒడ్డుకు వెళ్ళారు. ఈసారి మార్కండేయులు తను మోయగలిగిందే సర్దాడు. అలా సర్దితే రెండో లెన్సు అక్కర్లేదని, మూడోది అసలే అక్కర్లేదని తేలింది. నూకరాజు మొదట చెప్పిన మధ్యరకం ట్రైపాడ్ కొన్నాడు, ఈసారి తూచలేదు. ఇసకలో దాన్ని నిలబెట్టి, అలల ఫొటోలు తీసుకున్నాడు. సువర్చల ఖాళీ చేతులతో తడి ఇసక వెంట చాలాదూరం నడిచి వెళ్ళి, మొక్కజొన్న పొత్తులు కొనుక్కుని తిరిగి వచ్చింది. ఒకటి అతనికి ఇచ్చింది.

కాబట్టి, మన బరువు తగ్గిందని సంబరపడే ముందు, అది ఎవరి భుజం మీదికి చేరిందో వెనక్కి తిరిగి చూసుకోవాలి.